ఉప్పుగాలి ఊళ్లలో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్: చోటు, పెల్లెట్, గురి, గన్ను సంరక్షణ

నెల్లూరు, ఒంగోలు, కావలి వైపు ఎయిర్ రైఫిల్ కొన్నవాళ్లందరికీ మొదటి ఏడాది వచ్చే తంటా ఒకటే. టార్గెట్ కార్డు మీద దెబ్బలు చెదిరిపోతాయి. ముందు సైట్ (గురి చూసే పరికరం) తిప్పుతారు. కుదరకపోతే బ్యారెల్ కడుగుతారు. అదీ కాకపోతే వేరే డబ్బా పెల్లెట్లు (గన్నులో పెట్టే చిన్న గుండ్లు) తెప్పిస్తారు. ఆఖరికి గన్నే మార్చాలంటారు. నాలుగూ ఒకే వారంలో చేస్తే ఏది మార్చినందుకు ఏం మారిందో ఎవరికీ తెలియదు. తప్పు గన్నుదా, పెల్లెట్‌దా, మనిషిదా అన్నది విడివిడిగా తేల్చుకోవాలి. దానికి ఒక వరస ఉంది. మన తీరంలో ఈ మూడింటికీ తోడు తేమ కూడా ఉంది. గన్నులు కాల్చి కాల్చి అరిగిపోయేకంటే, పెట్టెలో ఊరికే ఉండి పాడయ్యేవే ఇక్కడ ఎక్కువ.

గన్ను, చట్టం

2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు, అంటే బ్యారెల్ లోపలి వ్యాసం, 4.5 మి.మీ. దాటకుండా, గుండు శక్తి 20 జౌళ్లు మించకుండా ఉండే ఎయిర్ రైఫిల్‌కి ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. పోటీల్లో వాడే 10 మీటర్ల రైఫిల్ ఈ హద్దుకి చాలా దిగువన ఉంటుంది. 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకి 172 మీటర్ల వేగంతో వెళితే శక్తి దాదాపు 7.8 జౌళ్లు. అమ్మేవాళ్లు గుర్తింపు కార్డు అడుగుతారు, ఇవ్వండి. బిల్లు, మోడల్ వివరాల కాగితం గన్ను పెట్టెలోనే ఉంచుకోండి. బస్సులోనో రైల్లోనో తీసుకెళ్లేటప్పుడు ఎవరన్నా ఆపితే చూపించాల్సింది అవే. చెరువు గట్టు మీద కొంగల్ని కొట్టడానికి దీన్ని బయటికి తీస్తే మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు. గన్నుకి లైసెన్సు అక్కర్లేకపోయినా కొంగని కాల్చడానికి అనుమతి రాదు.

గన్నులు ముఖ్యంగా రెండు రకాలు. స్ప్రింగ్ గన్నులో బ్యారెల్‌ని మడిచి స్ప్రింగ్ బిగిస్తారు. ధర తక్కువ, కానీ కాల్చినప్పుడు లోపల పిస్టన్ ముందుకి దూకుతుంది కాబట్టి గన్ను అదురుతుంది. రెండోది పీసీపీ, అంటే ముందే గాలి నింపి ఉంచే గన్ను. దీని సిలిండర్లో 200 బార్ దాకా (మామూలు గాలి ఒత్తిడికి సుమారు 200 రెట్లు) గాలి నింపుకుంటారు. అదురు దాదాపు ఉండదు, పోటీల్లో వాడేది ఇదే. పోటీ రైఫిల్ బరువు 5.5 కిలోలు దాటకూడదు. 60 షాట్లకి 75 నిమిషాలు, దానికి ముందు సిద్ధం కావడానికి 15 నిమిషాలు ఇస్తారు. 2018 నుంచి ఆడవాళ్లకీ 60 షాట్లే.

స్ప్రింగ్ గన్ను కొన్నవాళ్లు ఒక్కటి మరిచిపోకూడదు. బ్యారెల్ మడిచి పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో బ్యారెల్‌ని గట్టిగా పట్టుకునే ఉండాలి. కొక్కెం జారితే బ్యారెల్ ఒక్కసారిగా పైకి లేచి మూసుకుంటుంది, మధ్యలో వేలుంటే నలిగిపోతుంది. పెల్లెట్ లేకుండా ఉత్తినే కాల్చకూడదు కూడా. ఎదురు ఒత్తిడి లేక పిస్టన్ నేరుగా గోడకి గుద్దుకుని సీలూ స్ప్రింగూ పాడవుతాయి.

చోటు

కాల్చే గీత నుంచి టార్గెట్ ముఖానికి 10 మీటర్లు. టార్గెట్ నడిబొడ్డు నేల నుంచి 1.40 మీటర్ల ఎత్తున ఉండాలి, 5 సెం.మీ. అటూ ఇటూ ఫరవాలేదు. పాత ఇళ్లలో వీధి తలుపు నుంచి పెరటి తలుపు దాకా ఒకే వరస ఉంటే 10 మీటర్లు సులువుగా దొరుకుతుంది. అయితే మధ్యలో ఉన్న ప్రతి తలుపుకీ కాల్చేవాళ్ల వైపు నుంచి గడియ ఉండాలి. పక్క గదిలోంచి పిల్లలు హఠాత్తుగా అడ్డం వచ్చే వీలు ఒక్క అంగుళం ఉన్నా ఆ చోటు పనికిరాదు.

చాలామంది మేడ మీద పెట్టుకుంటారు. అక్కడో చిక్కుంది. పిట్టగోడ ఎత్తు మామూలుగా మూడడుగులు, అంటే మీటరుకి కాస్త తక్కువ. టార్గెట్ ఉండేది 1.40 మీటర్ల దగ్గర. అంటే తప్పిన పెల్లెట్ పిట్టగోడ మీదుగా వీధిలోకి పోతుంది. అందుకే టార్గెట్‌ని పిట్టగోడకి కాదు, మెట్ల గది గోడకి ఆనించాలి. ఆ గోడ లేకపోతే 2 మీటర్ల ఎత్తు, కనీసం 1.2 మీటర్ల వెడల్పు ఉన్న దళసరి ప్లైవుడ్ పలకని వెనక నిలబెట్టాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక మేడ మీద కాల్చి స్కోరు చూసుకుని దిగులుపడటం దండగ. ఎండ ఎక్కకముందే ముగించుకోండి.

ఇంట్లో 10 మీటర్లు లేదు, 7 మీటర్లే ఉందనుకుందాం. కార్డు మీద నల్ల చుక్క వ్యాసం 30.5 మి.మీ. దాన్ని 0.7తో గుణిస్తే 21.35 మి.మీ. ఆ సైజుకి కార్డు ముద్రించుకుంటే సైట్లోంచి చూసినప్పుడు 10 మీటర్ల దగ్గర కనిపించినట్టే కనిపిస్తుంది. నిలబడటం, ట్రిగ్గర్ సాధన దీంతో బాగానే సాగుతాయి. సైట్ సెట్టింగు మాత్రం 10 మీటర్లకి వేరేగా రాసిపెట్టుకోవాలి.

వెలుతురు కార్డు మీద 1500 లక్స్‌కి తగ్గకూడదు, గదిలో 300 ఉంటే చాలు. ఫోన్లో లక్స్ కొలిచే యాప్ ఈ పనికి సరిపోతుంది. 20 వాట్ల ఎల్ఈడీ ఫ్లడ్ లైటుని కార్డుకి ముందు, ఒక పక్కగా, ఏటవాలుగా పెట్టండి. బల్బు మీ కంటికి కనపడకుండా ముందు ఓ రేకు అడ్డం పెట్టాలి.

పెల్లెట్లు పట్టే పెట్టె

టార్గెట్ వెనక పెట్టే ఈ పెట్టెని వెల్డింగ్ షాపులో ఒక పూటలో చేసిస్తారు. అడుగు చదరం ఉన్న పెట్టె, పక్కలు 18 మి.మీ. ప్లైవుడ్, లోపల 3 మి.మీ. ఇనుప రేకు. రేకుని నిటారుగా బిగించొద్దు. పై అంచు మీ వైపు, కింది అంచు వెనక్కి ఉండేలా 45 డిగ్రీల వాలుతో బిగించాలి. అప్పుడు తగిలిన పెల్లెట్ కిందికి మళ్లి అడుగున తట్టలో పడుతుంది. వాలు తిరగబడితే పైకి ఎగురుతుంది. ఇరుగుపొరుగుకి చప్పుడు ఇబ్బందైతే రేకు ముందు పాత నూలు చీరలు గట్టిగా కుక్కండి. నడిమధ్య గుంత పడుతుంటుంది, కొన్ని వందల షాట్లకోసారి గుడ్డలు తిరగేసి కుక్కాలి.

ప్రకాశం జిల్లాలో చీమకుర్తి గ్రానైట్ ముక్కలు ఎక్కడ చూసినా చవగ్గా దొరుకుతాయి కదా అని వెనక ఓ పలక నిలబెట్టేవాళ్లున్నారు. వద్దే వద్దు. రాయి మీద తగిలిన పెల్లెట్ ఎటు తిరిగొస్తుందో చెప్పలేం, పైగా రాతి పెచ్చులు ఎగురుతాయి. మందపాటి రబ్బరు చాప కూడా పెల్లెట్‌ని నేరుగా వెనక్కి విసురుతుంది. ఎవరు కాల్చినా, పక్కన ఎవరు నిలబడినా కళ్లద్దాలు ఉండాల్సిందే.

పెల్లెట్లు సీసంతో చేసినవి. పెట్టె దగ్గర నేలని చీపురుతో ఊడిస్తే సీసపు దుమ్ము గాల్లోకి లేస్తుంది. తడిగుడ్డతోనే తుడవండి, ఆ గుడ్డని వేరే పనికి వాడొద్దు. కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కునే దాకా తినొద్దు, తాగొద్దు. పెల్లెట్లు పళ్ల మధ్య పట్టుకునే అలవాటు పిల్లల్లో కనపడితే మొదటి రోజే మాన్పించండి.

గన్ను ఎంత బాగా కొడుతుందో ముందు తేల్చుకోవడం

0.22 రైఫిల్ షూటర్లు తూటాలు సొంతంగా నింపుకోలేరు. రిమ్‌ఫైర్ తూటాలో నిప్పు రేపే మందు అంచులోనే పోసి ఉంటుంది, అది ఒకసారి పేలితే డొల్ల మళ్లీ పనికిరాదు. అందుకే వాళ్లు వేర్వేరు లాట్ల (తయారీ విడతల) తూటాలు కాల్చి చూసి తమ బ్యారెల్‌కి నప్పిన లాట్ ఎంచుకుంటారు. ఎయిర్ రైఫిల్‌లోనూ అదే పద్ధతి. మందు గొడవ లేదు కాబట్టి ఇంట్లోనే చేసుకోవచ్చు.

ముందు ఎంత మంచి గుంపు (కార్డు మీద చిల్లులన్నీ కలిసిన గుత్తి) కావాలో తెలియాలి. కార్డు మీద 10 పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మి.మీ. మాత్రమే. పెల్లెట్ 4.5 మి.మీ. చుక్క అంచుని పెల్లెట్ అంచు తాకినా 10 వచ్చినట్టే. అంటే పెల్లెట్ కేంద్రం నడిబొడ్డు నుంచి 0.25కి 2.25 కలిపి 2.5 మి.మీ. దాకా జరగొచ్చు. అన్ని షాట్లూ ఆ హద్దులో పడితే చిల్లుల గుంపు బయటి అంచు నుంచి బయటి అంచుకి 9.5 మి.మీ. మించదు. మీ గన్ను ఆనించి కాల్చినప్పుడు ఈ కొలత దాటిందంటే, మీరెంత స్థిరంగా నిలబడినా అప్పుడప్పుడూ 9 తప్పదు. దశాంశ స్కోరులో (పాయింటుని పది వంతులు చేసి లెక్కేసే పద్ధతి) కేంద్రం నుంచి ప్రతి 0.25 మి.మీ. దూరానికీ 0.1 పోతుంది. 10.9 కావాలంటే పెల్లెట్ కేంద్రం 0.25 మి.మీ. లోపల ఉండాలి.

పరీక్ష ఇలా చేయండి.

1. స్టాక్ (గన్నుని పట్టుకుని భుజానికి ఆనించే భాగం) బోల్టులు, సైట్ బిగింపు చూడండి. బోల్టుని కంపెనీ చెప్పిన బిగువుకే బిగించి, తల మీదా పక్క లోహం మీదా కలిసేలా గోళ్ల రంగుతో ఒక గీత గీయండి. బోల్టు వదులైతే గీత విడిపోయి కనపడుతుంది.

2. పెన్నా ఇసుక కడిగి, ఎండబెట్టి, మందపాటి గుడ్డ సంచిలో మూడొంతులు నింపండి. బల్ల మీద ఆ సంచి, దాని మీద గన్ను ముందు భాగం. వెనక ఇంకో చిన్న సంచి. ఇది పీసీపీకి. స్ప్రింగ్ గన్నుని సంచి మీద నేరుగా పెడితే అదురులో దారి తప్పుతుంది. సంచి మీద మీ అరచెయ్యి, అరచేతి మీద గన్ను, పట్టు వదులుగా.

3. ఒక్కో రకం పెల్లెట్‌తో ముందు 10 షాట్లు ఊరికే కాల్చండి. పాత పెల్లెట్ సీసం పోయి కొత్త సీసం బ్యారెల్లో పట్టాలి. ఇవి లెక్కలోకి రావు.

4. తర్వాత 10 షాట్ల చొప్పున 5 కార్డులు. ఒక్క కార్డు బాగా వచ్చిందని డబ్బాలు డబ్బాలు కొనేయడం చాలామంది చేసే పని. ఒక మంచి గుంపు అదృష్టం కొద్దీ కూడా వస్తుంది.

5. వెర్నియర్‌తో బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలవండి. ఐదింటి సగటు, అన్నిట్లోకీ చెత్త గుంపు, రెండూ రాసుకోండి. ఎంపికలో చెత్త గుంపుకే ఎక్కువ విలువివ్వండి.

ఏం కొనాలంటే, 10 మీటర్లకి చదును తల ఉన్నవే. కార్డులో గుండ్రంగా, శుభ్రంగా చిల్లు పడేది వాటితోనే. మొన తేలినవి కాగితాన్ని చింపుతాయి, స్కోరు చదవలేం. బరువు 0.53 గ్రాముల దగ్గర ఉన్నవి పోటీ రైఫిళ్లకి సరిపోతాయి. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, జేఎస్‌బీ మ్యాచ్ లాంటి వాటిని తల వ్యాసం 4.49, 4.50, 4.51 కొలతల్లో తెప్పించుకోవచ్చు. ఒకే కంపెనీలో ఈ మూడు కొలతలూ పరీక్షించడం, మూడు కంపెనీలు పరీక్షించడం కంటే ఎక్కువ ఫలితమిస్తుంది.

పెల్లెట్లని బంగారం కొట్లో మిల్లీగ్రాముల తాసు మీద ఒక్కొక్కటీ తూచి వేరుచేసే ఓపికమంతులున్నారు. 10 మీటర్లకి ఇది దాదాపు వృథా. గాలి నిరోధం పక్కన పెట్టి లెక్కేద్దాం. సెకనుకి 172 మీటర్ల వేగంతో 10 మీటర్లు వెళ్లేసరికి పెల్లెట్ సుమారు 16.5 మి.మీ. కిందికి దిగుతుంది. బరువులో 1 శాతం, అంటే 0.005 గ్రాముల తేడా వస్తే ఆ దిగుడు మారేది 0.17 మి.మీ. దశాంశంలో 0.1 కూడా పోదు. అదే వేగం 175 నుంచి 165కి పడిపోతే దిగుడు 16 నుంచి 18 మి.మీ. అవుతుంది. అంటే 2 మి.మీ., 0.8 పాయింట్లు. కాబట్టి తాసు మీద పెట్టే గంట గాలి ఒత్తిడి సరిచూసుకోవడానికి పెట్టండి. తూచడం మానినా కంటితో చూడటం మానొద్దు. వెనక వైపు పాదు అంచు నొక్కుకుపోయినవి, సీసం పొట్టు అంటుకున్నవి, మీద తెల్లటి బూజులాంటి పొడి పట్టినవి పక్కన పెట్టేయండి. ఆ తెల్ల పొడి తేమకి సీసం పాడైందనడానికి గుర్తు. డబ్బా తెరిచాక మూత చుట్టూ టేపు వేసి, గాలి చొరని డబ్బాలో పెట్టుకుంటే ఆ బెడద ఉండదు.

సైట్

ఆనించి కాల్చి గుంపు బాగుందని తేలాకే సైట్ జోలికి వెళ్లాలి. డయోప్టర్ (కంటి దగ్గరుండే వెనక సైట్) మీది అక్షరాలూ బాణాలూ కంపెనీని బట్టి అర్థం మారుతుంటాయి. కొన్నిట్లో షాట్ ఎటు పోయిందో అటు తిప్పాలి, కొన్నిట్లో షాట్ ఎటు రావాలో అటు. వాదన ఎందుకు, పరీక్షించండి. 5 షాట్లు కాల్చి, మీటని ఒక వైపు 20 క్లిక్కులు తిప్పి, అదే గురితో మళ్లీ 5 కాల్చండి. రెండు గుంపుల కేంద్రాల మధ్య దూరాన్ని 20తో భాగిస్తే ఒక క్లిక్కు ఎంతో తేలుతుంది. ఎటు తిప్పితే ఎటు జరిగిందో చిన్న టేపు ముక్క మీద తెలుగులో రాసి సైట్ పక్కన అంటించండి.

ముందు సైట్లో రింగు చిన్నదైతే గురి కచ్చితంగా ఉంటుందని కొత్తవాళ్లు అనుకుంటారు. జరిగేది వేరు. నల్ల చుక్క చుట్టూ తెలుపు సన్నగా ఉంటే చిన్న కదలిక కూడా పెద్దదిగా కనపడి, షూటర్ ఆ చుక్కని తరుముతూ సరిగ్గా ఉన్న క్షణాన ట్రిగ్గర్‌ని గుంజేస్తారు. మొదట్లో 4.2 నుంచి 4.5 మి.మీ. రింగుతో మొదలుపెట్టండి.

నిలబడటం

కుడిచేతివాటం వాళ్లకి చెబుతున్నాం, ఎడమవాళ్లు తిప్పి చదువుకోండి. ఎడమ భుజం టార్గెట్ వైపు, పాదాలు భుజాల వెడల్పు, మోకాళ్లు నిటారు కానీ బిర్రబిగించకుండా. నడుం కొద్దిగా వెనక్కీ కుడికీ వంచి, ఎడమ మోచేతిని తుంటి ఎముక మీదో పక్కటెముకల మీదో ఆనించాలి. గన్ను బరువు మోయాల్సింది ఎముక, కండ కాదు. కండ మోస్తుంటే 20 షాట్లు దాటేసరికి వణుకు మొదలవుతుంది. తలని గన్ను మీదికి వంచొద్దు, గన్నునే చెంప దగ్గరికి తెచ్చుకోవాలి.

తర్వాత అసలు పరీక్ష. గురి పెట్టి, కళ్లు మూసుకుని, రెండుసార్లు ఊపిరి తీసి వదిలి, కళ్లు తెరవండి. రింగు చుక్కకి ఎడమగానో కుడిగానో ఉంటే చేతులతో లాగి సరిచేయకూడదు. వెనక పాదాన్ని కొద్దిగా జరపండి. చేత్తో లాగితే ట్రిగ్గర్ పడిన క్షణంలో ఒళ్లు మళ్లీ దాని చోటుకే పోతుంది, దెబ్బ కూడా అటే పోతుంది. కార్డు మీద అడ్డంగా చెదిరే గుంపులకి చాలాసార్లు కారణం ఇదే.

ఊపిరి సగం పైగా వదిలి ఆపాక 6 నుంచి 8 సెకన్లలో షాట్ పడిపోవాలి. 10 సెకన్లు దాటితే చూపు మసకబారుతుంది, గన్ను దించేయండి. దించడం ఓటమి అనుకునేవాళ్లే మొండిగా 8 కొట్టి బాధపడతారు. ట్రిగ్గర్ పడ్డాక ఇంకో రెండు సెకన్లు గురిలోనే ఉండాలి. పీసీపీలో ఉత్తినే కాల్చే ఏర్పాటు విడిగా ఉంటుంది, దాంతో ఖాళీ గోడ మీద రోజూ సాధన చేయొచ్చు.

గాలి నింపడం

తీరప్రాంతంలో పీసీపీకి ఎక్కువ చేటు చేసేది ఇక్కడి నీళ్లే. 32 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఘనపు మీటరు గాలిలో సుమారు 27 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 0.2 లీటర్ల సిలిండర్‌ని సున్నా నుంచి 200 బార్‌కి నింపాలంటే 40 లీటర్ల మామూలు గాలి కావాలి. ఆ గాలిలో దాదాపు 1 గ్రాము నీళ్లున్నాయి. చేతి పంపుతో కొడుతుంటే అందులో చాలాభాగం పంపులోనే చెమ్మగా దిగుతుంది. దాన్ని బయటికి వదలకపోతే సిలిండర్లోకి పోయి తుప్పూ, రెగ్యులేటర్లో (ప్రతి షాట్‌కీ ఒకే ఒత్తిడితో గాలి అందించే భాగం) మడ్డీ తయారవుతాయి. అందుకే కొన్ని నిమిషాలకోసారి ఆపి, పంపు చల్లారనిచ్చి, వదిలే మర తిప్పి చెమ్మ పోగొట్టాలి. పంపుకి సిలికా జెల్ వడపోత గొట్టం తప్పనిసరి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు రోజుల్లో పంపు జోలికే పోకుండా, పొడి గాలి నింపిన స్కూబా సిలిండర్ నుంచి పట్టుకోగలిగితే అంతకంటే మేలు లేదు.

వెల్డింగ్ షాపులో సిలిండర్ ఉంది కదా అని ఆక్సిజన్ ఎప్పుడూ నింపొద్దు. అధిక ఒత్తిడి ఆక్సిజన్‌కి లోపలి జిడ్డు తగిలితే పేలుతుంది. అదే కారణంగా గాలి దారిలో మామూలు నూనె ఒక్క చుక్క పడకూడదు. ఓ-రింగులకి (గాలి కారకుండా ఆపే రబ్బరు చుట్టలు) శుద్ధమైన సిలికాన్ గ్రీజు, అదీ వేలికి అంటీ అంటనంత.

గబగబా నింపితే సిలిండర్ వేడెక్కుతుంది. 45 డిగ్రీల వేడిలో 200 బార్ చూపించిన ముల్లు, అది 30 డిగ్రీలకి చల్లారేసరికి 190 దగ్గర ఆగుతుంది. ఇది లీకు కాదు. చల్లారాక చూసిన అంకె రాసుకుని, మర్నాడు అదే వేళకి మళ్లీ చూడండి. అప్పుడూ తగ్గుతుంటేనే లీకు. సబ్బు నురగ మరల చుట్టూ రాస్తే బుడగ వచ్చే చోటు దొరుకుతుంది, చూశాక తుడిచేయండి. సిలిండర్‌ని పూర్తిగా ఖాళీ కానివ్వొద్దు. లోపల ఒత్తిడి ఉన్నంతకాలం బయటి తేమ దూరదు.

తుడవడం, కడగడం, దాచడం

కాల్చడం అయ్యాక ముందు గన్ను ఖాళీ అని చూసి, అది అందరికీ తెలిసేలా బ్యారెల్లో రంగు దారం జెండా పెట్టండి. చేతి చెమటలో ఉప్పుంది, గాల్లోనూ ఉప్పుంది. పొడి నూలుగుడ్డతో అంతా తుడిచి, తర్వాత రెండు మూడు చుక్కల గన్ ఆయిల్ వేసిన గుడ్డతో బ్యారెల్ బయటా, ఇనుప మరల మీదా రాయండి. గన్ ఆయిల్ లేకపోతే కుట్టుమిషన్ నూనె బయటి ఇనుముకి ఫరవాలేదు. కొబ్బరినూనె, నువ్వులనూనె వద్దు, కొన్నాళ్లకి జిగురుగా మారి దుమ్ము పట్టిస్తాయి. కిరోసిన్ సీళ్ల దగ్గరికి రానీయొద్దు. పాత తరహా స్ప్రింగ్ గన్నుల్లో తోలు వాషర్ ఉంటే దానికి అప్పుడప్పుడూ ఒక చుక్క నూనె కావాలి. ప్లాస్టిక్ సీలున్న వాటికి అక్కర్లేదు, వేస్తే కాల్చినప్పుడు నూనె మండి పొగ వస్తుంది, వేగం తలాతోకా లేకుండా పోతుంది.

బ్యారెల్ లోపల మాత్రం ఎంత తక్కువ ముట్టుకుంటే అంత మంచిది. గుంపు పెద్దదవుతుంటేనో, 500 నుంచి 1000 షాట్లకోసారో చాలు. పీసీపీలో రెండు మూడు ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) ముక్కలు పెట్టి కాల్చేస్తే పని అయిపోతుంది. స్ప్రింగ్ గన్నులో ఫెల్ట్ కాల్చొద్దు, అది మరీ తేలిక కాబట్టి ఉత్తినే కాల్చినట్టే లెక్క. దానికి నైలాన్ తాడుకి గుడ్డ పేలిక కట్టి వెనక నుంచి ముందుకి లాగండి. ఇనుప కడ్డీ, ఇత్తడి బ్రష్షు ముట్టుకోకండి. బ్యారెల్ మూతి అంచుకి గోరంత గాటు పడితే పెల్లెట్ వెళ్లే క్షణంలో గాలి ఒక పక్క ముందుగా తన్నుతుంది, ఇక ఏ పెల్లెట్ తెచ్చినా గుంపు కుదరదు. కడిగాక 10 షాట్ల దాకా స్కోరు పట్టించుకోకండి.

స్పాంజి ఉన్న పెట్టె ప్రయాణానికే. నెలల తరబడి అందులో ఉంచితే స్పాంజి పీల్చుకున్న చెమ్మ గన్ను ఆనిన చోటల్లా తుప్పు మచ్చలు పెడుతుంది. ఇంట్లో బీరువాలో నిలువుగా, గుడ్డ సంచిలో, తాళం వేసి, అడుగున 200 గ్రాముల సిలికా జెల్‌తో ఉంచండి. పెల్లెట్లకి వేరే తాళం. సిలికా జెల్ నిండిపోతే 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. నీలం నుంచి గులాబీకి మారే గింజల్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, వాటిని వంట మూకుట్లో వేయించొద్దు. ఏసీ కారులోంచి గన్నుని దించగానే పెట్టె తెరవొద్దు. చల్లటి ఇనుము మీద మన ఉక్కగాలి తగలగానే నీళ్లు పడతాయి. పెట్టె మూసే ఉంచి అరగంట ఆగండి.

కార్డు చెప్పే సంగతులు

దెబ్బలు నిలువుగా సాగుతుంటే ఊపిరో, గాలి ఒత్తిడో కారణం. ముల్లు గేజిలో ఎరుపు దగ్గరుందేమో ముందు చూడండి. చాలాసేపు వదిలేసిన పీసీపీ గన్ను మొదటి షాట్ మాత్రమే పైన కొడుతుంటే రెగ్యులేటర్ మెల్లగా ఒత్తిడి ఎక్కించుకుంటోందన్నమాట. పెల్లెట్ లేకుండా రెండుసార్లు కాల్చి మొదలుపెట్టొచ్చు, నానాటికీ పెరుగుతుంటే సర్వీసుకి పంపాలి. ఒకే కార్డు మీద రెండు విడి గుంపులు కడితే సైటో బోల్టో వదులైంది, గోళ్ల రంగు గీతలు చూసుకోండి. వరస లేకుండా అన్ని వైపులా చెదిరితే పెల్లెట్, లేదంటే బ్యారెల్ మూతి. ఆనించి కాల్చినప్పుడు బాగుండి నిలబడితే చెదురుతుంటే గన్ను జోలికి పోకుండా పాదాలు సర్దుకోండి.

రెగ్యులేటర్, సిలిండర్ మర ఇంట్లో విప్పే సామాన్లు కావు. లోపల 200 బార్ ఉంది. సిలిండర్ మీద తయారీ తేదీ కొట్టి ఉంటుంది. పోటీ రైఫిళ్ల సిలిండర్లకి మామూలుగా 10 ఏళ్ల గడువు. సెకండ్ హ్యాండ్ గన్ను కొనేటప్పుడు బ్యారెల్ కంటే ముందు ఆ తేదీ చదవండి. గడువు దాటిన సిలిండర్‌ని పోటీలో తనిఖీ దగ్గరే ఆపేయొచ్చు. కొత్త సిలిండర్ ధర అడిగి, దాన్ని గన్ను ధరలోంచి తగ్గించి బేరం చేయండి.